గూట్లోంచి రాని పిచ్చుక

తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పోశయ్య భుజంతో రెండోసారి గుద్దేసరికి గడియ ఊడిపోయి తలుపు గోడకి కొట్టుకుంది.

లోపలి వేడి మొహానికి తగిలి ప్రజ్ఞ ఒక అడుగు వెనక్కి వేసింది. బయట రోహిణి కార్తె ఎండ మండిపోతోంది. ఈ హాల్లో ఉన్నది అంతకు మించిన వేడి. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు. కూలరు ఎండిపోయి ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, లోపలంతా ఖాళీ చేసి, తుడిచి ఉంది.

హాలుకీ వంటింటికీ మధ్య ఛాయాదేవి నేల మీద పడి ఉంది.

"టీచర్ గారూ" అంటూ ప్రజ్ఞ ఆమె పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది. చెమట మాత్రం లేదు. అది మరీ భయపెట్టింది.

"జర జరుగున్రి అమ్మా, నేను లేపుత" అన్నాడు పోశయ్య. ఆ అపార్ట్‌మెంటుకి అతను వాచ్‌మన్. పొద్దున్న పాల ప్యాకెట్టు తలుపు ముందే ఉండిపోవడం చూసి అక్కడే ఉండే ప్రజ్ఞని పిలిచింది అతనే. టీచర్‌ని పసిపిల్లలా చేతుల మీదకి ఎత్తుకుని మెట్లు దిగాడు. అతని భార్య యాదమ్మ అప్పటికే ఆటో ఆపి, తడి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

గడప దాటుతూ ప్రజ్ఞ ఒక్కసారి వెనక్కి చూసింది. గోడ మీద చిన్న కర్ర పెట్టె. దానికి గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రం ముందున్న కొయ్య మీద పిచ్చుక లేదు.

ఇంట్లో ఒక్క దీపం కూడా వెలగడం లేదు. అయినా పిచ్చుక లోపలే ఉంది.

ఆ పెట్టె ప్రజ్ఞ తయారు చేసిందే.

*

నాచారం పారిశ్రామికవాడలో స్టెబిలైజర్లు తయారు చేసే చిన్న యూనిట్‌లో ప్రజ్ఞ ఇంజనీరు. బయట వేడి పెరిగేకొద్దీ ఏసీలు పెరుగుతాయి. ఏసీలు పెరిగేకొద్దీ వాళ్ల స్టెబిలైజర్లు అమ్ముడుపోతాయి. ఆ ఏసీలకి కరెంటు ఇవ్వడానికి ఎక్కడో ఇంకొంచెం బొగ్గు మండుతుంది, బయట ఇంకొంచెం వేడి పెరుగుతుంది. ఈ చక్రంలో తన జీతం కూడా ఉందని తెలిసిన రోజు ఆమె ఈ పిచ్చుక బొమ్మని మొదలుపెట్టింది.

యంత్రం పెద్ద కష్టమైనదేమీ కాదు. కింద మీటర్ల గదిలో ఒక్కో ఫ్లాటుకి వెళ్లే వైరు చుట్టూ ఒక గాజులాంటి రింగు ఉంటుంది. ఆ వైరులో ఎంత కరెంటు పోతోందో రింగు పసిగట్టి పైన బ్యాటరీతో నడిచే పెట్టెకి చెబుతుంది. వాడకం హద్దులో ఉంటే పిచ్చుక బయటికి వచ్చి కొయ్య మీద కూర్చుంటుంది. హద్దు దాటితే లోపలికి పోతుంది. హద్దు అన్ని ఇళ్లకీ ఒకటే.

"మనం స్విచ్చు వేస్తే ఎక్కడో పొగ లేస్తుంది. ఆ పొగ మన కంట పడదు కాబట్టి మనకి పట్టదు" అని చెప్పింది అందరినీ కూర్చోబెట్టి. "అందుకే కంటికి కనపడేది ఒకటి పెట్టాను. బయట వేడికి పిచ్చుకలు ఎలాగూ కనిపించడం మానేశాయి. కనీసం దీన్నయినా కాపాడుకుందాం."

ఉప్పల్ డిపో వెనక వీధిలోని వెన్నెల రెసిడెన్సీలో అన్ని ఫ్లాట్లవాళ్లూ పెట్టించుకున్నారు. అందరికన్నా ముందు పెట్టించుకున్నది ఛాయాదేవి. పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా పిల్లలకి భూగోళం పాఠాలు చెప్పింది. రుతుపవనాలు ఆలస్యమైతే సొంత మనిషి ఆలస్యమైనట్టు కంగారుపడే మనిషి.

దవాఖానాలో సెలైన్ సగం ఎక్కాక ఆమె కళ్లు తెరిచింది. గండం గడిచిందని డాక్టరు చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమైంది టీచర్ గారూ? ఫ్యాను ఎందుకు ఆపేశారు?"

"పిచ్చుక రావడం లేదమ్మా." గొంతు పొడిగా ఉంది. "మొదట్లో బాగానే ఉండేది. ఈమధ్యే లోపలికి పోయి కూర్చుంది. కూలరు ఆపాను. రాలేదు. ఫ్రిజ్ ఆపాను. రాలేదు. నేనే ఏదో ఎక్కువ వాడుతున్నానేమోనని చివరికి మెయిన్ దించేశాను."

"నాకు చెప్పచ్చు కదా."

"ఏమని చెప్పను? ఏసీలున్న భూషణం గారింట్లో పిచ్చుక రోజంతా బయటే ఉంటుంది. నా ఇంట్లోది దాక్కుంటుంది. పాఠం చెప్పేదాన్ని నేను. సిగ్గేసింది."

ప్రజ్ఞ ఆమె చేతి కింద దిండు సర్దింది. తను తయారు చేసిన బొమ్మ మాట నమ్మి ఒక మనిషి వేడికి చావబోయింది.

*

ఆమె తిరిగి వచ్చేసరికి సెల్లార్‌లో జనం ఉన్నారు. మధ్యలో అసోసియేషన్ ప్రెసిడెంట్ భూషణం, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నారపల్లిలో ప్లాట్లు చేసి ఇళ్లు కట్టిస్తున్న మనిషి. ఆ ఇళ్లన్నింటిలోనూ ప్రజ్ఞ పిచ్చుకలు పెట్టిస్తానని మాట ఇచ్చి ఉన్నాడు.

మీటర్ల గదిలోంచి ప్రజ్ఞ తండ్రి విశ్వనాథం టార్చి ఆర్పుతూ బయటికి వచ్చాడు. రైల్వేలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరై, సొంతూరు కాకినాడ వైపు వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయాడు. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ మాత్రం ఉంటుంది. కరెంటు విషయంలో ఈ అపార్ట్‌మెంటులో ఆయన మాటకి తిరుగులేదు.

"ఏం తేలింది నాన్నా?"

"టీచర్ గారి మీటరు తిరగడం లేదు. అది న్యాయమే, మెయిన్ దించేశారుగా. కానీ నీ రింగులో మాత్రం కరెంటు పారుతోంది." ఆయన గోడని చూపించాడు. "రింగు ఈ చివర ఉంది. మీటరు ఆ చివర ఉంది. మధ్యలో వైరు ఈ గోడ లోపలి పైపులో పోతుంది. అంటే ఈ గోడలోనే ఎవరో వైరు తగిలించుకున్నారు. మీటరులో పడదు, దొంగతనం తెలియదు. రింగు పెట్టబట్టి దొరికింది."

అందరూ ఆ గోడ వైపు చూశారు. గోడకి అవతల ఉన్నది పోశయ్య గది.

"అరె, ఇంకేం గావాలె" అన్నాడు భూషణం. "ఏం పోశయ్యా, టీచరమ్మ కరెంటు దింటున్నవా?"

"నాకేం ఎర్క లేదు సార్. నేను తీగ ముట్టలే."

"ముట్టకుండనే ఒస్తదా? నీ రూంల ఏమున్నయో సూపియ్యి."

చూపించే అవకాశం ఇవ్వకుండానే ఎవరో లోపలికి దూరారు. గదిలో మంచం, గ్యాస్ పొయ్యి, ఒక బల్బు. మూల బట్టల మూటల పక్కన బొగ్గుల ఇస్త్రీ పెట్టె. యాదమ్మ అపార్ట్‌మెంటు బట్టలన్నీ దానితోనే ఇస్త్రీ చేస్తుంది. మంచం కింద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో కరెంటు ఇస్త్రీ పెట్టె.

సెల్లార్ అంతా ఒక్కసారి గుసగుసలాడింది.

"ఇగ దీనికేం జెప్తవ్?" అన్నాడు భూషణం.

"బొగ్గుల పొగకు యాదమ్మకు దగ్గు తగ్గుతలేదు సార్. లాలాపేట్ల కొన్న. కనెక్షన్ కోసం మిమ్మల్నే అడుగుదామనుకున్న. ఇంకా డబ్బా గూడ ఇప్పలే, సూడున్రి."

"ఇప్పి మల్ల పెట్టనీకె ఎంతసేపు? నాకు జెప్తున్నవా కథలు? సాయంత్రం మీటింగ్ ఉంది. అప్పటిదాంక సామాన్లు సదురుకో."

యాదమ్మ ఇస్త్రీ పెట్టె అందుకుని కొంగుతో తుడిచి మళ్లీ అట్టపెట్టెలో పెట్టింది. "పొద్దుగాల ఆ అమ్మను ఎత్తుకొచ్చింది ఈయనే సార్. కరెంటు దొంగ గట్ల ఎత్తుకొస్తడా?"

భూషణం ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకి జరిగాడు.

ప్రజ్ఞ మీటర్ల గదిలోకి వెళ్లింది. పలక మీద తను వరుసగా బిగించిన రింగులు. ఒక్కో దాని కింద ఫ్లాటు నంబరు. ఒక్కో దాంట్లోంచి ఒక ఎర్ర వైరు. అన్నీ ఒకేలా, పాతబడి, దుమ్ము పట్టి ఉన్నాయి.

"నాన్నా, ఈ బోర్డుని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదే. నాకు తెలియకుండా ఎవరు ముట్టుకుంటారు?"

బయటికి వచ్చి అందరినీ అడిగింది. అందరూ తల అడ్డంగా ఊపారు. ఎవరి మొహంలోనూ అబద్ధం కనిపించలేదు.

"ప్రజ్ఞమ్మా." పోశయ్య గొంతు తగ్గించాడు. "మీ పిట్ట నా పేరే జెప్పిందా?"

ఆ ప్రశ్నతో ఆమెకి నిలబడబుద్ధి కాలేదు. టీచర్ గారి పెట్టెని గోడ నుంచి ఊడదీసి స్కూటీ ముందు పెట్టుకుంది.

*

మెట్రో స్తంభాల కోసం తవ్వి పోసిన రోడ్డు మీద హబ్సిగూడ దాకా నెమ్మదిగా పాకి, నాచారం చేరేసరికి షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. యూనిట్ యజమాని శశిధర్ గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. ఆమెకంటే కొద్దిగా పెద్దవాడు. అప్పుడే భూషణంతో ఫోన్లో మాట్లాడినట్టు మొహమే చెబుతోంది.

ప్రజ్ఞ పెట్టెని బల్ల మీద పెట్టి, రింగులోంచి ఒక వైరు పోనిచ్చి, బల్బులు ఒక్కొక్కటే వెలిగించింది. హద్దు దగ్గరికి రాగానే పిచ్చుక వెనక్కి జరిగి గూట్లోకి పోయింది. రెండు బల్బులు ఆర్పింది. పిచ్చుక బయటికి వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"పిట్ట మంచిగనే ఉందిగా" అన్నాడు శశిధర్.

"అదే నా భయం. ఇది చెడిపోయి ఉంటే బాగుండేది."

"గట్లెందుకు? ఇదే మనకు పెద్ద పబ్లిసిటీ. కరెంటు దొంగను పట్టిచ్చిన పిట్ట. భూషణం అన్న నారపల్లికి ఇంకో బ్లాక్ కూడా కలిపి ఆర్డర్ ఇస్తనన్నడు."

"పోశయ్య దొంగ కాకపోతే?"

"మీ నాన్ననే జెప్పిండంట కదా. రైల్వే ఫోర్‌మన్. ఆయనకంటె నీకు ఎక్కువ తెలుసా?" అతను నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "సూడు ప్రజ్ఞా, వాచ్‌మన్‌కు ఇంకో బిల్డింగ్ దొరుకుతది. నీకు ఇంకో భూషణం దొరకడు" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేనట్టే వినిపించింది. అదే ఆమెకి నచ్చలేదు.

గోడకి వేలాడుతున్న టాంగ్ టెస్టర్ తీసుకుంది. పటకారులా నోరు తెరిచి వైరుని పట్టుకుంటే లోపల ఎంత కరెంటు పోతోందో అంకెల్లో చూపిస్తుంది. "ఇది సాయంత్రం దాకా నా దగ్గర ఉంటుంది" అంది.

"దొంగ దొరికినంక గది ఎందుకు?"

"దొరికింది దొంగో కాదో చూడటానికి."

*

సెల్లార్‌లో కుర్చీలు వేస్తున్నారు. పోశయ్య గది ముందు ఒక ట్రంకు పెట్టె, చుట్ట చుట్టిన చాప, బట్టల మూటలు. యాదమ్మ మూటల మీద కూర్చుని దగ్గుతోంది.

ప్రజ్ఞ ఆగకుండా పైకి వెళ్లింది. టీచర్ గారి హాల్లో పెట్టెని మళ్లీ గోడకి తగిలించి వైరు కలిపింది. మెయిన్ ఇంకా దించే ఉంది. పిచ్చుక ఒక్కసారి కదిలి, వెంటనే గూట్లోకి పోయింది.

కిటికీ తెరిచింది. పై అంతస్తు భూషణం గారి ఏసీ పెట్టె కిటికీ పైనే ఉంటుంది. దాని మోత గదంతా నిండింది. దాని వేడి గాలి తిన్నగా ఈ కిటికీలోకే కొడుతోంది. టీచర్ గారు కిటికీలన్నీ ఎందుకు మూసుకున్నారో అప్పుడు అర్థమైంది.

ప్రజ్ఞ నేల మీద కూర్చుని పెట్టె వైపే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడుంది తప్పు? రింగు మంచిది. పెట్టె మంచిది. గోడలో దొంగ వైరు ఉందంటే తప్ప లెక్క కుదరడం లేదు.

పైన ఏసీ మోత ఠక్కున ఆగిపోయింది.

టక్.

పిచ్చుక బయటికి వచ్చి కొయ్య మీద కూర్చుంది.

ప్రజ్ఞ లేచి నిలబడింది. వీధిలో సగం ఇళ్లలో రేడియోలు, మిక్సీలు వినపడుతూనే ఉన్నాయి. కరెంటు మొత్తం పోలేదు. అపార్ట్‌మెంటుకి కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో, ఒకటి పోయింది. ఆ ఫేజు మీదున్న భూషణం ఇంట్లో అన్నీ ఆగిపోయాయి. ఆ క్షణంలోనే టీచర్ గారి పిచ్చుక బయటికి వచ్చింది.

ఏసీలు నడుస్తున్నా భూషణం గారి పిచ్చుక రోజంతా ఎందుకు బయట కూర్చుంటోందో, ఏమీ వాడని టీచర్ పిచ్చుక ఎందుకు దాక్కుంటోందో ఒకేసారి తెలిసింది. భూషణం తన కరెంటుని టీచర్ గారి వైరులోంచి లాగుతున్నాడు. పైగా దొంగ అంటూ పోశయ్య సామాన్లు బయట పెట్టించాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె నోట్లో ఆ పేరే ఉంది. నారపల్లి పోతే పోనీ. శశిధర్ ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయనీ.

సెల్లార్‌లో మీటింగు మొదలైపోయింది. భూషణం మాట్లాడుతున్నాడు. ఆమె ఎవరినీ చూడకుండా మీటర్ల గదిలోకి వెళ్లి, టాంగ్ టెస్టర్ తీసి, టీచర్ నంబరున్న రింగులోంచి వస్తున్న వైరుని పట్టుకోబోయింది.

పై నుంచి భూషణం భార్య కేక వినిపించింది. "విశ్వనాథం సార్, మా ఫేజ్ పోయింది. జర సూడున్రి."

కుర్చీ జరిగిన చప్పుడైంది. విశ్వనాథం లోపలికి వచ్చాడు. "కాస్త జరుగమ్మా" అని కూతుర్ని పక్కకి తప్పించి, టార్చి నోట్లో కరచుకుని, టెస్టర్‌తో మూడు ఫేజులూ తాకి చూశాడు. ఒకటి చచ్చి ఉంది. రెండు బతికి ఉన్నాయి. ఆయన చేయి వెతుక్కోలేదు. ఎన్నోసార్లు నడిచిన దారిలో నడిచినట్టు తిన్నగా ఒక ఎర్ర వైరు దగ్గరికి వెళ్లింది. స్క్రూ వదులు చేసి, వైరుని చచ్చిన ఫేజు నుంచి ఊడదీసి, రింగులోంచి బయటికి లాగి, బతికున్న ఫేజుకి బిగించాడు.

పైన ఏసీ మళ్లీ మోగింది.

ఖాళీ అయిన ఆ రింగు కింద ఉన్నది టీచర్ గారి నంబరు.

ప్రజ్ఞ టాంగ్ టెస్టర్ కిందికి దించింది. "నాన్నా, ఇప్పుడు మీరు ఏ వైరు తీశారు?"

ఆయన నోట్లోంచి టార్చి తీశాడు. "భూషణం గారిదే. ఆయన ఫేజేగా పోయింది."

"అది టీచర్ గారి రింగులో ఎందుకుంది?"

"ఎందుకుంటుంది? అది..." ఆయన మాట ఆగిపోయింది. టార్చి మళ్లీ వెలిగించి పలక మీద వేశాడు. ఒక రింగు నుంచి పక్క రింగుకి వెలుగు జరిగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"టీచర్ గారి వైరు ఎక్కడుంది నాన్నా?"

ఆయన వేలు పెట్టి చూపించాడు. అది భూషణం నంబరున్న రింగులో ఉంది.

గోడలో దొంగ వైరేమీ లేదు. ఎవరూ ఎవరి కరెంటూ తినలేదు. ఎవరి వైరు వాళ్ల మీటరుకే పోతోంది. మారిపోయినవి రింగులే.

"పొద్దున్న అడిగాను కదా, ఎవరైనా ముట్టుకున్నారా అని."

"ముట్టుకోవడం కాదమ్మా, ఇది ఫేజు మార్చడం." చెప్పేశాక ఆ మాట ఆయనకే వినిపించింది. గోడకి ఆనుకున్నాడు. "మొన్న గాలివాన వచ్చినప్పుడు. వాళ్లవీ టీచర్ గారివీ రెండూ పోయాయి. రెండూ మార్చాను. తెల్లారి ఫేజు వచ్చాక మళ్లీ వెనక్కి పెట్టాను. సరైన ఫేజుకే పెట్టాను. రింగులు చూసుకోలేదు. నీ బొమ్మ సామాను కదా అని..."

ప్రజ్ఞ పలక వైపు చూసింది. ఈ ఊళ్లో ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఇలాంటి గది ఉంటుంది. ప్రతి గదికీ ఒక విశ్వనాథం ఉంటాడు. ఒక ఫేజు పోగానే అందరినీ బతికున్న ఫేజు మీదకి ఎక్కిస్తాడు. ఆ బరువుకి కాసేపట్లో అది కూడా పోతుంది. అప్పుడు మూడోదాని మీదకి. ఏసీ ఆపుదామని మాత్రం ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. పిచ్చుకల గురించి ఎంత మాట్లాడినా తను చెప్పలేకపోయిన పాఠం ఈ దుమ్ము పట్టిన బోర్డు మీద ఎప్పటినుంచో ఉంది. తండ్రి చేతిని చిన్నప్పటినుంచి చూస్తూ కూడా, వైర్లు తను పెట్టిన చోటే ఉంటాయని నమ్మింది.

"బయట ఏం చెబుతాం?" ఆయన గొంతు బాగా తగ్గింది. "యంత్రం తప్పు చూపించిందని చెప్పమ్మా. పోశయ్య బయటపడతాడు. ఎవరికీ మాట రాదు."

ఆ మాట ఎంత సుఖంగా ఉందో ఆమెకి తెలుసు. ఆయన్ని ఆమె ఎప్పుడూ ఇలా చూడలేదు. టార్చి పట్టుకున్న చెయ్యిని వెనక్కి దాచుకున్నాడు. ఈ అపార్ట్‌మెంటులో ఆయనకున్న పరువంతా ఆ చేతిదే.

*

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎవరో పోశయ్య ట్రంకు పెట్టెని గేటు వైపు లాగుతున్నారు.

"ఏం దేలింది విశ్వనాథం సార్?" అన్నాడు భూషణం. "మీరొక్క మాట జెప్పున్రి, ఖతం జేద్దాం."

విశ్వనాథం నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని టార్చి జేబులో పెట్టుకున్నాడు.

"దొంగతనం జరగలేదు భూషణం గారూ" అంది ప్రజ్ఞ. "టీచర్ గారి కరెంటు ఎక్కడికీ పోలేదు. పిచ్చుక తప్పు చూపించింది."

ఆ మాట ఒక్క క్షణం నిలబడింది. తర్వాత భూషణం నవ్వాడు.

"శశిధర్ నాకు ఫోన్ జేసిండమ్మా. నువ్వే టెస్ట్ జేసినవంట, పిట్ట బరాబర్ పని జేస్తున్నదంట. గిప్పుడు మిషన్ తప్పంటున్నవ్. జాలి పడుతున్నవా పోశయ్య మీద?"

"జాలి కాదు."

"మల్ల ఏంది? ఆడ ఒక ఆడమనిషి సావు దాంక పోయొచ్చింది. మిషన్ తప్పు గాదు, ఎవ్వరి తప్పు గాదు, గిట్లెట్ల? ఎవడో ఒకడు జేసిండు కదా." ఆయన పోశయ్య వైపు తిరిగాడు. "ఏం ఫికర్ జెయ్యకు, పోలీసులకు ఇస్తలేం. ఎందుకైనా మంచిది, నువ్వు మాత్రం ఈడ ఒద్దు."

చుట్టూ తలలు ఊగాయి. ఎవరి మొహంలోనూ కోపం లేదు. పని తొందరగా అయిపోతే పైకి వెళ్లి కాఫీ తాగుదామన్నట్టు ఉన్నారు.

పోశయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ట్రంకు పెట్టె రెండో పక్క తనే పట్టుకున్నాడు. యాదమ్మ కరెంటు ఇస్త్రీ ఉన్న అట్టపెట్టెని చంకలో పెట్టుకుని లేచింది.

యంత్రం మీద వేస్తే సరిపోదని ప్రజ్ఞకి అప్పుడు తెలిసింది. ఇక్కడ ఒక పేరు పలకాలి. పలక్కపోతే వాళ్లే ఒక పేరు పలుకుతారు. అది ఎప్పుడూ సెల్లార్‌లో ఉండే మనిషి పేరే అవుతుంది. టీచర్ గారు దవాఖానా నుంచి వచ్చేసరికి, ఆమెని ఎత్తుకుని మెట్లు దిగిన మనిషి ఇక్కడ ఉండడు. ఆ తర్వాత పిచ్చుక బయటికి వచ్చినా లోపలికి పోయినా దాని మొహం చూడటం తన వల్ల కాదు.

తండ్రి వైపు చూసింది. ఆయన పోశయ్య చేతుల్ని చూస్తున్నాడు. జేబులోంచి టెస్టర్ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, కూతురి చేతిలో పెట్టాడు.

"నా నోటికి రావడం లేదు" అన్నాడు. "నువ్వు చెప్పు."

"ఆ పెట్టె కింద పెట్టండి" అంది ప్రజ్ఞ. గేటు దాకా వినిపించింది. పోశయ్య ఆగాడు.

"భూషణం గారూ, మీ ఇంట్లో పిచ్చుక ఇన్నాళ్లూ చూపించింది టీచర్ గారి వాడకం. టీచర్ గారింట్లో పిచ్చుక చూపించింది మీది. ఆవిడ ఫ్యాను ఆపినా అది బయటికి రాకపోవడానికి కారణం పైన మీ ఏసీలు నడుస్తూ ఉండటం. రెండు వైర్లూ తారుమారయ్యాయి. గాలివాన రోజు మీ ఫేజు మార్చి, తెల్లారి వెనక్కి పెడుతూ రింగులు చూసుకోలేదు."

భూషణం మొహంలో నవ్వు పోయింది. "ఎవరు చూసుకోలే?"

"పోశయ్య కాదు. మీరూ కాదు." టెస్టర్‌ని గట్టిగా పట్టుకుంది.

"మరెవరమ్మా? పేరు జెప్పు."

"విశ్వనాథం" అంది ప్రజ్ఞ. "మా నాన్న."